గల్లా మీది కెమెరాలు, నాయిన మాట

మూడు వందలు మిగిల్చుకోవడానికి మా నాయిన గొంతుతో జూదమాడిన మొనగాణ్ణి నేను. వనపర్తిలో మాది స్టీలు సామాన్ల దుకాణం. బేరంలో నన్ను మించినవాడు బజారులో లేడని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

నాగర్‌కర్నూలులో ఉండే అక్క తన పెళ్లి వీడియో టేపు తెచ్చి నా చేతిలో పెట్టింది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, అంతే. పోయిన నాయిన గొంతు మిగిలింది అందులోనే. అప్పగింతలప్పుడు ఆయన అక్కతో అన్న నాలుగు మాటలు.

"జర పైలం తమ్మీ. వచ్చే నెల నా బిడ్డ పెండ్లి. దాని అప్పగింతలప్పుడు తాత మాట ఇనిపియ్యాలె."

టేపును కంప్యూటర్లోకి ఎక్కించడానికి స్టూడియో ఆయన ఎనిమిది వందలు అడిగాడు. అయిదు వందలన్నాను. దిగలేదు. పైగా "పెట్టి పోండ్రి, రేపు రండ్రి" అన్నాడు. పెట్టి పోవడమా? మార్చేస్తే? నకలు తీసి దాచుకుంటే? టేపు జేబులో వేసుకుని వచ్చేశాను.

గద్వాలలో ఒకప్పుడు పెళ్లిళ్లకు వీడియో తీసినతని దగ్గర, ఆ రకం టేపును ఆడించే పాత కెమెరా బేరమాడి కొన్నాను. పనయ్యాక అమ్మేస్తే పెట్టుబడి తిరిగొస్తుందని నా లెక్క. దుకాణంలోని కంప్యూటరుకు ఒక కార్డు, ఒక కేబులు తగిలించి మొదలుపెట్టాను.

సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు రావాలి. కంప్యూటరు అందుకోలేక జారిపోయినవి ఎన్నో తెర కింద అంకె పడుతుంది. ఆ అంకె ఆటో మీటరులా తిరిగింది. పెళ్లివాళ్లు గెంతుతూ నడిచారు. నాయిన గొంతు ముక్కలైంది.

వెంటనే గద్వాలకు ఫోన్ చేశాను. "పాడైన కెమెరా అంటగట్టినవ్ గద!"

"అన్నా, కెమెరా మీది చిన్న తెరల బొమ్మ మంచిగొస్తుందా?"

"వస్తుంది."

"ఇగ కెమెరాదేం తప్పు? మీ దిక్కు సూసుకోండ్రి."

నమ్మలేదు. కేబులు మీద అనుమానంతో ఇంకొకటి కొన్నాను. అంకె ఆగలేదు. ఏ సరుకైనా రెండోసారి తూచనిదే లోపలికి రానివ్వని ఇల్లు మాది. అందుకే మార్పు చేసిన ప్రతిసారీ అప్పగింతల దగ్గరికి టేపు వెనక్కి తిప్పి, ఆడించి, మళ్లీ తిప్పి ఆడించాను. ఏడో ఎనిమిదో సారికి చిన్న తెరమీద కూడా నాయిన మొహం గళ్లు గళ్లుగా విడిపోయింది. టేపు అరిగిపోతోంది.

మళ్లీ గద్వాలకే ఫోన్ చేశాను. ఈసారి నా గొంతు తగ్గింది.

"ఆ కంప్యూటర్ల ఇంకేమన్న నడుస్తున్నదా అన్నా?"

"ఏం లేదు. సీసీ కెమెరాలు, అంతే."

"ఎన్ని?"

"నాలుగు."

"నాలుగూ అదే డిస్కుల రికార్డయితున్నయా?"

"అవును, అదే డిస్కుల."

"నాలుగు కెమెరాల వీడియో రాసుకుంట, మీ టేపును గూడ ఎట్ల రాస్తదన్నా అది? ఒక్క గంట కెమెరాలు బంద్ చెయ్యండ్రి. గల్లా ఎవరెత్తుకపోతరు?"

నాలుగింట్లో రెండు గల్లా మీదికే చూస్తాయి. గల్లా దగ్గర కూర్చునేది నేనొక్కణ్ణే. నా మీద నేను పెట్టుకున్న కాపలా నాయిన బొమ్మలను మింగింది.

షట్టరు దించి, తాళం రెండుసార్లు లాగి చూసి, సీసీ కెమెరాలు బంద్ చేశాను. టేపు చివరిదాకా ఆడింది. జారిన బొమ్మలు సున్నా. కానీ అప్పగింతల దగ్గర గళ్లు అట్లాగే ఉన్నాయి. "బిడ్డా, నువ్వక్కడ..." అని నాయిన మొదలుపెడతాడు. ఆరు సెకన్లు గొంతు లేదు. తర్వాత "...గంతే" అని కండువాతో కళ్లు తుడుచుకుంటాడు.

అక్క వచ్చి చూసింది.

"మధ్యల ఏమన్నడు తమ్మీ?"

"నీకు యాదికి లేదా అక్కా?"

"ఉంటే టేపు నీకెందుకిస్త?"

పాత టేపు కదా అని తప్పించుకోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. మింగి, జరిగింది చెప్పాను. అక్క తిట్టలేదు. ఆ ముక్కను ఇంకోసారి పెట్టమంది.

కెమెరా రెండు వేల రెండు వందలు. కార్డు, కేబులు ఏడు వందలు. రెండో కేబులు మూడు వందల యాభై. కెమెరా తిరిగి అమ్మితే వచ్చింది పదిహేను వందలు. నికరంగా పోయింది పదిహేడు వందల యాభై. స్టూడియో అడిగింది ఎనిమిది వందలు. ఇవి కాక, నాయిన మాట ఆరు సెకన్లు.