వెనక కూర్చున్నవాడి పేరు

సోమవారం నుంచి ముసిసి ఫోను పనికిరాదు. అది పాడైపోలేదు. శుభ్రంగా మోగుతుంది, రబ్బరు బ్యాండు చుట్టి ఉన్నా దారి చూపిస్తుంది. కానీ తయారుచేసినవాళ్లు ఇక దానికి అప్‌డేట్లు ఇవ్వబోమన్నారు. ఆ మాట పట్టుకుని, బోడాలనే కిరాయి మోటారుసైకిళ్లకు బేరాలు పంపే కంపెనీ కూడా అలాంటి పాత ఫోన్లలో తన యాప్ నడవదని చెప్పేసింది. కంపాలాలో ఆఫీసులవాళ్లు ఇప్పుడు రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపుతారా? ఫోన్లోనే బండిని పిలుస్తారు. యాప్ లేనివాడు నతేతేలో బళ్లు ఆగే స్టేజీలో వంతు కోసం ఈగలు తోలుకోవాల్సిందే.

"ఎప్పుడు పాతిపెడుతున్నావురా ముసిసీ నీ ఫోన్ని? చందాలు వేసుకుని మరీ వస్తాం," అని స్టేజీలో తోటివాళ్లు ఆటపట్టించారు.

కొత్తది కొనడానికి డబ్బు ఉంది. అడ్డం పడుతున్నది భార్య బాబిర్యె. ఆమెను తప్పుపట్టడానికీ లేదు. ఆమె కవల తమ్ముడు కాటో వీళ్లింట్లోనే ఉంటున్నాడు. నిరుడు అతనూ బోడా నడిపేవాడు. మెరిసిపోయే కొత్త ఫోను హ్యాండిల్‌కి బిగించుకుని వారం తిరక్కుండానే, వెనక కూర్చున్న ప్రయాణికుడు సుత్తితో తల మీద కొట్టి, ఫోనూ బండీ పట్టుకుపోయాడు. కాటో బతికి బట్టకట్టాడు గాని కుడిచెయ్యి లేవదు, మాట తడబడుతుంది. ఆ సాయంత్రం సంగతి ఎవరడిగినా నోరు విప్పడు. పాపం, మరిచిపోయాడని అందరూ అనుకున్నారు.

శనివారం ముగ్గురూ భోజనాలకి కూర్చున్నప్పుడు ముసిసి ఫోను తీసి కంచం పక్కన పెట్టాడు.

"రేపొక్క రోజే ఉంది. కొనాలా వద్దా, తేల్చి చెప్పు."

"కొనుక్కో. కొన్న రోజే నా తమ్ముణ్ణి తీసుకుని మసాకాలో పుట్టింటికి పోతా. ఒక తలకి కుట్లు వేయించింది చాలు నాకు."

"యాప్ లేకపోతే ఏం తింటామే?"

"ఉడకేసిన అరటికాయ మటోకె తింటాం. ఇప్పుడేమన్నా పెళ్లి భోజనం తింటున్నామా? నీ పగిలిన ఫోన్ని చూస్తే దొంగక్కూడా జాలేస్తుంది. అదే నీకు తాయెత్తు."

ముసిసికి ఒళ్లు మండింది. "యాప్ లేకపోతే చెయ్యూపిన ప్రతివాణ్ణీ ఎక్కించుకోవాలి. వాడెవడో, పేరేంటో తెలీదు. యాప్‌లో పిలిస్తే పేరూ నంబరూ ఉంటాయి కదే!"

"వీడికీ ఉందిగా యాప్! ఏం ఒరిగింది? పోలీసులకి పేరు దొరికిందా?"

అప్పుడే ఫోను మోగింది, ఏదో బేరం. కాటో ఎడమచెయ్యి చటుక్కున లేచి తల వెనక కప్పుకుంది. ముసిసి గబగబా ఫోను నొక్కేశాడు. కాటో చెయ్యి మాత్రం దించలేదు.

"పేరు... పడలేదక్కా," అన్నాడు. "నేనే పడనివ్వలేదు."

బాబిర్యె ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఆ మనిషి యాప్‌లో పిలవబోయాడు. మళ్లీ ఆగి... 'కంపెనీకి కమిషనెందుకు బ్రదర్, యాప్ లేకుండా పోదాం, ఆ డబ్బు నువ్వే ఉంచుకో' అన్నాడు. సరేనన్నా. యాప్ ఆపేసి ఎక్కించుకున్నా. నువ్వేమో తప్పంతా కొత్త ఫోను మీద వేశావ్. ఎలా చెప్పనక్కా?"

ఏడాది పొడుగునా ఆమె ఫోన్లనే శపించింది. ఇప్పుడు తమ్ముణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. మొగుడి వైపు తిరిగింది.

"నువ్వూ అలా పోతుంటావా?"

అబద్ధం ముసిసి నాలుక చివరిదాకా వచ్చింది. కాటో అతని వంకే చూస్తున్నాడు.

"పోతుంటా," అన్నాడు ముసిసి. "అందరూ పోతారు."

బాబిర్యె లేచి చెయ్యి కడుక్కుంది. "రేపు కొను. దుకాణానికి నేనూ వస్తా. ఇంకోసారి యాప్ ఆపావో, సుత్తిదాకా అక్కర్లేదు. పల్లీలు దంచే రోకలి ఉంది నా దగ్గర."

సోమవారం సాయంత్రం వందెగెయా కూడలి దగ్గర బళ్లన్నీ కదలకుండా నిలిచిపోయాయి. హ్యాండిల్ మీది కొత్త ఫోను మీద ఎవరి చూపు పడ్డా ముసిసి దాన్ని అరచేత్తో కప్పేస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి, ఒకాయన వచ్చి నిలబడ్డాడు. బండిని పిలవడానికి ఫోను తీశాడు, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"కమిషను దండగ బ్రదర్. యాప్ ఆపేయ్, అది లేకుండా పోదాం."

అలవాటైన బొటనవేలు దానంతటదే ఫోను మీదికి పోయింది. ముసిసికి తల వెనక జివ్వుమంది. వేలు వెనక్కి తీసుకున్నాడు.

"పిలవండి సార్. పేరు పడాలి."

"నేను దొంగలా కనిపిస్తున్నానా?"

"లేదు సార్. అయినా పిలవండి."

ఆయన నవ్వి, పక్క బండి దగ్గరికి పోయాడు. ఆ కుర్రాడి హ్యాండిల్ మీదా మెరిసే ఫోనే ఉంది. రెండు మాటలయ్యాయి, కుర్రాడు యాప్ ఆపేశాడు, ఆయన వెనకెక్కి సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. నాలుగు డబ్బులు మిగుల్చుకుందామనుకునే గుమాస్తానే కావచ్చు. చాలాసార్లు అంతే అవుతుంది.

"తమ్ముడూ, పేరడుగు!" అని అరిచాడు ముసిసి. "ఆయన పేరడుగు!"

హారన్ల మోతలో కుర్రాడికి వినబడలేదు. వెనక కూర్చున్నాయన మాత్రం తల తిప్పి చూశాడు.