మావ కట్టిన వలల కొట్టు

మా మావ, అంటే నా భర్త తండ్రి, పోయిన మంగళవారం కాలం చేశాడు. ఆ కబురు నాకు చెప్పింది పక్కింటి బావ. వల అరువు అడుగుదామని వచ్చి, మా వలల కొట్టు తలుపు తీసి, వెనక్కి తిరిగి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. "మీ మావ లెగడం లేదు, ఓపాలి వచ్చి సూడు" అన్నాడు. మా ఇంటికీ ఆ కొట్టుకీ మధ్య పది అడుగులు. పది అడుగుల దూరంలో మనిషి పోతే నాకు ఇంకొకరు వచ్చి చెప్పాల్సి వచ్చింది. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, ఆయన మంచి చాలానే ఉంది. నా సంగతి కూడా రాయాలి కదా, అక్కడే చెయ్యి ఆగుతోంది.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే మా పల్లె. నేను కాపురానికి వచ్చిన ఏడే మావ ఆ కొట్టు కట్టాడు. కట్టాడంటే ఏవో కొన్నాడని కాదు. పాతబడి ఒడ్డున పడేసిన తెప్ప దుంగల్ని రాళ్ళ మీద, నేలకి మూరెడు ఎత్తున పరిచాడు. ఎన్నికలు అయిపోయాక నరసన్నపేట వెళ్ళి, రోడ్డు పక్కన చిరిగి వేలాడుతున్న ఫ్లెక్సీలు సైకిలుకి కట్టుకొచ్చి తాటాకు మీద కప్పాడు. ఓడిపోయిన నాయకుడొకాయన చాలాకాలం మా వలల మీద చేతులు జోడించి నవ్వుతూ ఉండేవాడు. మేకులు కూడా పాతవే, వంకర తీసి మళ్ళీ కొట్టేవాడు. అరిగిపోయిన హవాయి చెప్పులకి గేలాలు వరసగా గుచ్చాడు. వలకి కట్టే సీసపు గుండ్లు పోసి ఉంచడానికి నాలుగు ఖాళీ పెయింటు డబ్బాలు పెట్టాడు.

వలలు మాత్రం దూలం నుంచి తాళ్ళతో వేలాడే వెదురు గడల మీద ఉండేవి. ప్రతి తాడుకీ సగానికి కోసిన నీళ్ళ బాటిల్‌ని గొడుగులా బోర్లించి కట్టాడు. పైనుంచి దిగే ఎలుక అక్కడికి వచ్చి జారి పడాల్సిందే. "సీకట్లో సెయ్యి పెడితే సేతికి దొరకాల. అదీ సర్దడం అంటే" అనేవాడు. ఆ కొట్టుకి రెండే కట్టుబాట్లు పెట్టాడు. తడిది లోనకి రాకూడదు. తిండి లోనకి రాకూడదు.

కొత్త కోడల్ని, రెండూ ఒకే పూట తప్పాను. చినుకులు పడుతున్నాయని ఒడ్డున ఆరేసిన వలని ఎత్తుకొచ్చి, కొట్టులో ఆరిన వలల మీద వేశాను. మెచ్చుకుంటాడనుకున్నాను. నైలాను కుళ్ళదు గానీ వల కన్నుల్లో ఇరుక్కున్న కవళ్ళ చేపల ముక్కలు కుళ్ళుతాయి. పైగా వల కొస నేల మీదకి జారింది. ఎలుకలు ఆ కొస పట్టుకుని ఎక్కి, నాలుగు రోజుల్లో రెండు వలలు కొరికేశాయి.

మావ తిట్టలేదు. ఆ రెండు వలలూ వీధిలో, ఇంటి ముందు పరిచి, నా చేతికి దారం, వల కుట్టే వెదురు సూది ఇచ్చి కూర్చోబెట్టాడు. నాకప్పుడు నాలుగో నెల. నడుము పట్టేసేది. నీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళు ఏటైనాదని అడిగితే నన్ను నోరు తెరవనిచ్చేవాడు కాదు. "మా కోడలు ఎలకలకి విందు సేసినాది, ఎంగిలాకులు ఎత్తతన్నాది" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. మా ఆయన బీడీ వెలిగించుకుని అటు తిరిగిపోయేవాడు. సాయంత్రం అయ్యేసరికి మావ వచ్చి నేను వేసిన ముడులు ఒక్కొక్కటీ లాగి చూసి, వదులుగా ఉన్నవి బ్లేడుతో కోసేసేవాడు. మర్నాడు మళ్ళీ వేసేదాన్ని. పదకొండో రోజున వల మొత్తం వేళ్ళతో తడిమి, "ఇంక దీని జోలికి ఏ ఎలకా రాదు. నీ ఏడుపు ఉప్పు పట్టేసినాది" అన్నాడు.

ఆ మాట నేను మరిచిపోలేదు. అయితే ఇవాళ మా పల్లెలో ఎవరి వల చిరిగినా ముందు నా దగ్గరికే తెస్తారు. అంగన్‌వాడీలో నా చేతికింద పిల్లలున్నారు, ఇంటి దగ్గర నా చేతికింద వలలున్నాయి. ఆ రెండో పని నాకు నేర్పింది ఆయనే.

తుఫాను వచ్చిన ఏడాది మా ఇంటి రేకులు ఎటు పోయాయో తెలియలేదు. కొట్టు మాత్రం నిలిచింది. "గాలితో గొడవెందుకు, దారి ఇస్తే పోతాది" అని, గాలి ముదరకముందే మావ ఫ్లెక్సీల కట్లు విప్పేసి, ఇటూ అటూ రెండు తలుపులూ తెరిచి పెట్టాడు. వలలు తడిశాయి, పోలేదు. ఒడ్డున ఉన్నవాళ్ళ వలలన్నీ ఇసకలో పూడిపోతే, ఆ కాలమంతా మాతో పాటు ఇంకో మూడిళ్ళు మా వలల మీదే తిన్నాయి. మేము నెల రోజులు ఆ వలల కిందే పడుకున్నాం.

తర్వాత స్లాబు ఇల్లు మొదలుపెట్టాం. గోడలు లేస్తుండగా మావకి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది. ఇల్లు పూర్తయ్యేదాకా అని మంచం కొట్టులో వేశాం. ఇల్లు పూర్తయింది. పాలు పొంగించాం. మంచం అక్కడే ఉండిపోయింది. పక్క తడిపేవాడు, కొత్త ఇంట్లో వాసన వస్తుందని ఎవరూ పైకి అనలేదు. అనుకోవాల్సిన పని కూడా లేకుండా అందరం అనుకున్నాం.

ఒకనాడు వాన పడుతోంది. ఫ్లెక్సీలు పాతబడి, మంచం మీద చుక్కలు పడుతున్నాయి. పళ్ళెం తీసుకెళ్ళాను. "ఒసే, ఇంట్లోకి తీసుకెళ్ళవే. ఆ స్లాబు కింద ఒక్క పూట తొంగుంటాను" అన్నాడు.

"తడిది లోనకి రాకూడదు కదా మావా" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. పనిచేసే సగం నోటితో నవ్వాడు. "బాగా నేర్సినావు" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నాకు బాధ కలిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. సంతోషం కలిగింది. వీధిలో కూర్చున్న ఆ పదకొండు రోజులూ ఒక్క మాటతో తీర్చేసుకున్నాననిపించింది. ఆ పూట అన్నం కడుపునిండా తిన్నాను.

ఆయనకి మూడు పూటలా కొట్టులోనే తినిపించేదాన్ని. మెతుకులు కింద పడేవి. తిండి లోనకి రాకూడదన్న మాట నాకు గుర్తే, పట్టించుకోలేదు. ఒకరోజు ఒళ్ళు తుడుస్తుంటే ఎడమ కాలి బొటనవేలి మీద గాట్లు కనిపించాయి. ఆ కాలికి స్పర్శ లేదు, ఎలుక కొరికినట్టు ఆయనకే తెలియలేదు. పైన వలలు బాటిళ్ళ కింద భద్రంగా వేలాడుతున్నాయి.

మా ఆయన్ని పిలిచి చూపించాను. మావ నా వైపు చూడకుండా కొడుకుతో చెప్పాడు. "ఆ గుండ్లు పారబోసి, నాలుగు డబ్బాలూ మంచం కోళ్ళ కింద పెట్టరా. నున్నటి డబ్బా ఎలక ఎక్కలేదు." అలాగే పెట్టాం. ఎలుకలు మళ్ళీ ఆయన జోలికి రాలేదు. ఎలుక కొరికిన మనిషిని పది అడుగులు మోయడం కన్నా నాలుగు డబ్బాలు ఖాళీ చేయడమే మాకు తేలికైంది. ఆయన చేయించిన ఆఖరి పని అదే.

మంగళవారం నేను గట్టిగానే అడిగాను. ఒక్కసారి ఇంట్లోకి తీసుకెళ్దాం, స్లాబు కింద పడుకోబెట్టి అక్కడినుంచే తీద్దాం అని. వీధిలో పెద్దామె నా చెయ్యి పట్టుకుంది. "బయట పోయిన మనిషిని గడప దాటించకూడదు తల్లీ, ఇంటికి మంచిది కాదు" అంది. నేను ఏడ్చాను. అందరూ ఎంత మంచి కోడలో అనుకున్నారు. ఆయన్ని వాకిట్లోనే ఉంచి, వాకిట్లోనే స్నానం చేయించి, అటునుంచి అటే తీసుకెళ్ళారు. వెనకాలే మంచం కూడా ఎత్తుకుపోయి శ్మశానం దగ్గర వదిలేశారు.

మూడో రోజు పక్కింటి బావకి వల ఇవ్వడానికి కొట్టులోకి వెళ్ళాను. లోపల మసకగా ఉంది. చెయ్యి పెట్టగానే వల దొరికింది. కింద నాలుగు పెయింటు డబ్బాలు, మంచం కోళ్ళు ఎక్కడ ఉండేవో అక్కడే నిలబడి ఉన్నాయి. గుండ్లు మళ్ళీ వాటిలో పోసేయమని మా ఆయన చెబుతున్నాడు. గుండ్లు ఇంకా మూలన కుప్పగానే ఉన్నాయి. నేను వల కోసం వెళ్ళినప్పుడల్లా ఆ నాలుగు డబ్బాల మధ్య అడుగు పెట్టకుండా చుట్టూ తిరిగి వస్తున్నాను.