మ్యూజియంలో అటు తిరిగిన ఆవిడ

మా బావ మన్మథరావు కాశీబుగ్గలో బోర్డులు రాస్తాడు. జీడిపప్పు ఫ్యాక్టరీల పేర్లు, లారీల వెనక నెమళ్ళు, పెళ్ళివారి గోడల మీద ఏనుగులు, అన్నీ ఆయన చేతివే. పెళ్ళివారు రెండేనుగులు వెయ్యమంటే మధ్యలో ఒక గున్నని కూడా వేసేసి, "పిల్ల నేకపోతే ఆటికి తోసదు బాబూ" అనే రకం. ఆయన్ని కట్టుకున్నది మా అక్క గౌరి. అందుకే వాళ్ళిద్దరి మధ్యా ఏం జరిగినా మొట్టికాయలు మాత్రం నాకే.

2003లో ఒక లారీకి బొమ్మలు వేసి, అది జీడిపప్పు లోడుతో కలకత్తా వెళ్తుంటే డ్రైవరు రమ్మన్నాడని ఎక్కేశాడు. అక్కడ సరుకు దించడం ఆలస్యమైతే, దగ్గర్లో బొమ్మల మ్యూజియం ఉందని ఎవరో చెప్పారట. బావ గుమ్మం బయట చెప్పులు విడిచి, గడపకి దణ్ణం పెట్టి లోపలికెళ్ళాడు. అన్నేసి బొమ్మలున్న చోట చెప్పులతో ఎవడైనా తిరుగుతాడా అని ఆయన లెక్క! తిరిగొచ్చేసరికి చెప్పులు లేవు. కాశీబుగ్గ దాకా ఉత్తికాళ్ళతోనే వచ్చాడు. అయినా మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఒరే సూర్యం, ఒక బొమ్మ సూసాన్రా. ఆడమనిసి బిందె సంకనెట్టుకుని అటు తిరిగి ఎల్లిపోతన్నాది. ఎంతసేపు నిలబడినా ఇటు తిరగదు. ఆవిడ మొగం ఎలగుంటాదో ఎవలికీ తెల్దు!"

మర్నాటి నుంచి బొమ్మల నవల మొదలు. నా జిరాక్సు షాపులో పాడైన కాగితాల వెనకవైపంతా ఆయన సొంతం. కథేమిటంటే, మ్యూజియం తలుపులు మూశాక బిందె మనిషి పటంలోంచి దిగుతుంది. మిగతా పటాల్లో ఉన్న రాజుల దగ్గరికీ దొరల దగ్గరికీ వెళ్ళి, "నా మొగం ఎలగుంటాదో సెప్పండి బాబూ" అని అడుగుతుంది. "ఇటు తిరుగు, సూసి సెప్తాం" అంటారు వాళ్ళు. తిరగడం ఆవిడకి రాదు. గీసినవాడు వీపే గీశాడు మరి! ఇంతా చేసి ఆ మ్యూజియంలో ఎవరి కాళ్ళకీ చెప్పుల్లేవు. గుర్రమెక్కిన దొరక్కూడా బూట్లు విప్పించేశాడు మా బావ.

సాయంత్రమైతే నా షాపు ముందు జనం మూగేవారు, తర్వాత ఏమైందని. ఆఖరి పేజీలో ఆవిడ ఇటు తిరగాలి. అక్కడే బావ చెయ్యి ఆగిపోయింది. ఎన్ని మొహాలు గీశాడో, అన్నీ చించి పారేశాడు.

ఈలోగా మా అక్కకి ఒళ్ళు మండింది. ఫ్యాక్టరీలో పొద్దస్తమానం పప్పు పొట్టు తీసి ఇంటికొస్తే, మంచం మీదా గూట్లోనూ ఎక్కడ చూసినా ఆ ఆడదాని వీపే.

"ఎవతె మావా ఇది?"

"కలకత్తా బొమ్మ, గౌరీ."

"ఓలమ్మా! కలకత్తా దాకా ఎల్లింది ఇందుకా? సుక్కురోరం లోపు దీని పేరు సెప్పు. నేకపోతే కాగితాలన్నీ పొయ్యిలో ఎట్టేత్తాను."

మా అక్క అన్నదంటే చేసి తీరుతుంది. బావ బిక్కచచ్చిపోయాడు. చెప్పడానికి పేరంటూ ఉంటే కదా! పోనీ జిరాక్సులు తీసి దాచుదామంటే, ఆఖరి పేజీ అయ్యేదాకా తియ్యనివ్వనని ఆయన పంతం. తగలబడితే మొత్తం కథే పోతుంది.

శుక్రవారం రానే వచ్చింది. అక్క కాగితాల కట్ట చంకన పెట్టుకుని, కాల్చేముందు నలుగురికీ చూపించి న్యాయం అడగాలని ఫ్యాక్టరీకి బయల్దేరింది. నేను వెనకాలే పరిగెత్తాను. అక్కతో పాటు పొట్టు తీసే బొడ్డమ్మ ఒక పేజీ చూసింది, అక్కని చూసింది, నవ్వాపుకోలేక కూలబడింది.

"ఓలె గౌరీ, ఇది నువ్వే గదే!"

"నానేటి? నా ముక్కేదీ? నా కళ్ళేవీ?"

"ముక్కెందుకే? కుడి పక్కకి ఒరిగిపోయి, మడం నేలకి ఆనకుండా నడిసీది ఈ ఊర్లో ఇంకెవతుందే? రోజూ నీ ఎనకాతలే గదా వత్తన్నాం!"

గదంతా ఘొల్లుమంది. మొదటి పేజీలోనే పోల్చేశారట అందరూ. నాకు తట్టనే లేదు. అక్క మొహం చూసి భయపడటంతోనే నా బతుకు సరిపోయింది, ఇంక వీపెప్పుడు చూడను?

"నా ఈపు నాకెలగ తెలుత్తాది?" అంది అక్క, ఇంకా నమ్మక.

బొడ్డమ్మ ఒక బిందె తీసుకుని, అక్కని చెయ్యి పట్టుకుని భాస్కరరావు సెలూన్‌కి లాక్కుపోయింది. ముందొక అద్దం, వెనకొక అద్దం ఉండేది అక్కడే. ఆడవాళ్ళు ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. నురగ మొహాలవాళ్ళు కంగారుగా లేచి గోడకి అంటుకుపోయారు. బొడ్డమ్మ అక్క చంకన బిందె పెట్టి, "నడు" అంది.

అక్క నడిచింది. అద్దంలోకీ కాగితంలోకీ మార్చి మార్చి చూసింది. చిన్నప్పుడు సోంపేటలో మా ఇంటిల్లిపాదికీ నీళ్ళు మోసి మోసి ఒరిగిన ఒళ్ళు అది.

"జడకి రబ్బరుబేండుతో సహా గీసేసినాడు, సచ్చినోడు," అంది అక్క. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"గౌరీ! కాల్సీసినావేటి?" అంటూ అప్పుడే రొప్పుకుంటూ వచ్చాడు బావ. బిందెతో అక్క గిరుక్కున ఇటు తిరిగింది.

బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత అక్క చేతిలో కాగితం లాక్కుని, వెనక్కి తిప్పి, సెలూన్ బల్ల మీద పెట్టి, పాడైన అచ్చు మీదే గబగబా గియ్యడం మొదలెట్టాడు. గెడ్డం సగం గీయించుకున్నవాళ్ళు కూడా చుట్టూ మూగి చూస్తున్నారు. ఆఖరి పేజీ అయిపోయింది.

అక్క దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"బాగున్నాది," అంది నెమ్మదిగా. "ఎవలు మావా ఈవిడ?"

ఈసారి బావ దగ్గర పేరుంది.

"గౌరి," అన్నాడు.