అరుగు మీద ఇచ్చిన టీ

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పొద్దుటి ప్యాసింజర్ ఎక్కేవాళ్లు కుడివైపు కిటికీ చూసుకోండి. ఎడమవైపు ఎండ కొడుతుంది. టిక్కెట్టు ప్లేటు ఇడ్లీ కంటే చౌక. రెండువేల ఎనిమిది ఫిబ్రవరిలో నేను ఆ బండెక్కింది మాత్రం సరదాకు కాదు, మా మస్తాన్‌బీ అక్క ఇంటి సంగతి తేల్చుకోవడానికి.

రేపల్లె అవతల ఒక ఊళ్లో అక్కది తాటాకు పాక. బావ పోయాక కుట్టుపని చేసుకుంటోంది. గాలివానకు పాక కప్పు సగం లేచిపోయింది. సర్కారు ఇళ్ల సర్వేవాళ్లు వచ్చిన రోజున, పాకలో కుర్చీ కూడా లేదని సిగ్గుపడి, వాళ్లను పక్కింటి డాబా అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. మా వైపు ఇది మామూలే. చుట్టం వస్తే మంచం ఒకరింటిది, గ్లాసులు ఇంకొకరింటివి. సర్వేవాళ్లు టీ తాగి, ఆ అరుగు మీదే అక్కకు ఫోటో తీసి, పక్కా ఇల్లు ఉందని రాసుకుపోయారు.

ఇల్లు రాకపోతే అక్క అద్దెకు వెళ్లాలి. ఆ అద్దె కోసం, బాపట్లలో డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు నస్రీన్ చదువు మానేసి చీరాలలో బట్టల కొట్లో పనికి కుదరాలి. సోమవారం వస్తానని కొట్టువాళ్లకు మాట కూడా ఇచ్చేసింది. నేను బయలుదేరింది శుక్రవారం, ఊళ్లో గ్రామసభ ఆ రోజే.

వేమూరులో ఒక పెద్దాయన కొల్లూరు లంక అరటిగెలతో ఎక్కాడు. సంగతంతా విని, "గ్రామసభలో చెప్పించుకోండి. వాళ్లు రాసింది కొట్టెయ్యాలంటే ఊళ్లోవాళ్లే చెప్పాలండి" అన్నాడు.

"చెబుతారంటారా?"

"అది మీ అక్కగారి నోటిని బట్టి ఉంటదండి."

నవ్వాను కానీ నమ్మకం కుదరలేదు. ఆ సర్వే అయ్యాక, డాబా గల వెంకాయమ్మకూ మా అక్కకూ చెడింది; మూడు నెలలుగా మాటల్లేవు. ఎండబెట్టిన వడియాలను కోళ్లు పొడిచాయని మొదలై, పెద్దల పేర్లెత్తుకునేదాకా వెళ్లింది గొడవ.

ఎనిమిదింటికి రేపల్లె. స్టేషన్ బయట పెసరట్టు బాగుంటుందంటారు. తిన్నాను, రుచి మాత్రం తెలియలేదు. ఆటోలో అరగంట. పదింటికి బడి వరండాలో సభ మొదలైంది. కుర్ర అధికారి ఒక్కొక్క పేరూ చదువుతున్నాడు.

"మస్తాన్‌బీ. పక్కా ఇల్లుంది కాబట్టి ఈవిడకు రాదు. ఎవరైనా చెప్పేదుందా?"

నేను లేచాను. "మీదేవూరండీ?" అన్నాడు. తెనాలి అన్నాను. "ఊళ్లోవాళ్లే చెప్పాలండి" అన్నాడు. కూర్చున్నాను. వెంకాయమ్మ స్తంభం పక్కన చేతులు కట్టుకుని నేల చూస్తోంది. "అది చెప్పదు తమ్ముడూ, నన్ను ముంచుద్ది" అంది అక్క నా చెవిలో. అధికారి తర్వాతి పేరు ఎత్తుకున్నాడు.

"ఆగవయ్యా," అంటూ లేచింది వెంకాయమ్మ. "ఆ డాబా నాది. పన్ను రసీదు తెమ్మంటావా? మీవాళ్లకి టీ ఇవ్వటానికి నా అరుగెక్కింది, అంతే. ఆవిడది పాక. దానికి కప్పు కూడా లేదు."

"మరి జాబితా అంటించినప్పుడే చెప్పొచ్చు కదమ్మా?"

"అప్పటికి మాకు మాటల్లేవు. ఇప్పుడూ లేవు. అయినా ఇల్లు ఇల్లేగా!"

వరండా అంతా ఘొల్లున నవ్వింది. "నిజమేనండీ", "మేం చూశామండీ" అని నాలుగు వైపుల నుంచీ గొంతులు లేచాయి. అధికారి స్వయంగా వెళ్లి పాక చూసొచ్చి, కొట్టేసిన పేరును అందరి ముందూ మళ్లీ రాశాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకైతే వెంకాయమ్మ కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

రెండింటికి రేపల్లెలో బాపట్ల బస్సు ఎక్కాను. హాస్టల్‌కు ఫోను చేసినా సరిపోయేది, కానీ ఈ మాట పిల్లకు ఎదురుగానే చెప్పాలనిపించింది. ఇల్లు కావాలంటే ముందు ఇల్లు లేదని నలుగురిలో ఒప్పుకోవాలి. పరువు కోసం బతికే మా అక్కలాంటివాళ్లకు పునాది తవ్వడం కంటే అదే కష్టం. ఇలా అనుకుంటూనే నిద్రపోయాను. "అన్నా, చెరుకుపల్లి దాటిపోయింది, మీరు దిగాల్సింది అక్కడ కాదుగా?" అని పక్కసీటు ఆవిడ తట్టి లేపింది. బాపట్లమ్మా అని చెప్పి మళ్లీ కళ్లు మూశాను. నెల రోజులుగా అంత హాయిగా నిద్రపోలేదు.

నాలుగున్నరకు హాస్టల్ గేటు దగ్గర నస్రీన్‌కు చెప్పాను. నమ్మలేదు. "ఒట్టు పెట్టండి మామూ" అంది. పెట్టాను. వార్డెనుకు చెప్పి నాతో స్టేషన్‌దాకా వచ్చింది. స్టేషన్ ముందు ఫోను బూత్ కనబడగానే గబగబా వెళ్లి చీరాల కొట్టుకు ఫోను చేసింది.

"సోమవారం నుంచి రావట్లేదండి... ఒంట్లో బాగానే ఉందండి... జీతం గురించి కాదండి..."

అవతల ఇంకేదో అడిగారు. నస్రీన్ నా వైపు చూసి, బూత్ బయట నిలబడ్డవాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా చెప్పింది.

"చదువుకుంటున్నానండి!"

సాయంత్రం బండిలో సీటు దొరకలేదు. తెనాలిదాకా నిలబడే వచ్చాను. అయినా ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను.