బావుల్ని రోగులన్న జర్నల్

2023వ సంవత్సరం, అక్టోబరు నెల. ఒమన్‌లో ఎండ కాస్త తగ్గి, నిజ్వా జనం సాయంత్రాలు మళ్ళీ ఆరుబయట కూర్చోవడం మొదలుపెట్టిన రోజులు. నేను అక్కడి ఒక కాలేజీలో లైబ్రేరియన్‌ని. మాది కరీంనగర్. లైబ్రేరియన్ అంటే పుస్తకాల మీద ముద్రలు వేసే మనిషి అనుకుంటారు చాలామంది. అదంతా ఎప్పటి మాటో. ఇప్పుడు నా పనిలో సగం, మా లెక్చరర్లు రాసిన పరిశోధన వ్యాసాన్ని ఏ జర్నల్‌కు పంపాలో చూసిపెట్టడం. పిల్లకు సంబంధం చూసినట్టే ఉంటుంది ఈ పని. అవతలివాళ్ళు తీపిగా మాట్లాడారని మురిసిపోతే అయినట్టే, వెళ్ళి ఇల్లూ వాకిలీ చూసి రావాలి.

ఆ రోజు పొద్దున్నే నస్రీన్ లైబ్రరీలోకి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. కెమిస్ట్రీ చెబుతుంది, కడప పిల్ల. నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. చేతిలో ఒమానీ హల్వా గిన్నె. కుంకుమపువ్వు, యాలకుల వాసన నా టేబుల్ దాకా వచ్చేసింది. ఇక్కడ ఏ శుభవార్త అయినా హల్వాతోనే చెబుతారు.

"అక్కా! నా పేపరు యాక్సెప్ట్ అయినాదక్కా! నాలుగు దినాలకే చెప్పేసినారు. ముందు నోరు తెరువు!"

నోరు తెరిచాను గానీ హల్వా కోసం కాదు. నాలుగు రోజులా! పీర్ రివ్యూ అంటే అదే రంగంలో ఉన్న ఇద్దరు ముగ్గురు వ్యాసాన్ని వెనకా ముందూ చదివి తప్పులు పట్టుకోవడం. మంచి జర్నల్‌లో దానికి నెలలు పడుతుంది. నాలుగు రోజుల్లో ఆవకాయ కూడా సరిగ్గా ఊరదు.

కానీ ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. ఆ పేపరు వెనక రెండు వేసవుల కష్టం ఉంది. సముద్రం ఒడ్డున ఖబూరాలో తోటల బావులు ఏటేటా ఉప్పగా మారుతున్నాయి. సెలవు దొరికితే చాలు, భర్త కారు నడుపుతుంటే వెనక సీటు నిండా సీసాలు పెట్టుకుని వెళ్ళేది. తోటల్లో పనిచేసే నిజామాబాద్ అన్నలు నీళ్ళు తోడి ఇస్తే తెచ్చి పరీక్ష చేసేది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. మే నెలలో కాంట్రాక్టుల కమిటీ కూర్చుంటుంది. అప్పటికి ఒక్క పేపరైనా ఇండెక్స్‌డ్ జర్నల్‌లో, అంటే పేరున్న డేటాబేసులు లెక్కలోకి తీసుకునే జర్నల్‌లో ఖాయం కాకపోతే నస్రీన్ ఉద్యోగం పొడిగించరు. ఇంటిల్లిపాదీ ఆమె వీసా మీదే ఉన్నారు. పిల్లల బళ్ళు, భర్త చిన్న కొట్టు, అన్నీ ఆ ఒక్క కాగితానికి వేలాడుతున్నాయి.

"ఏదే, రివ్యూ సూపెట్టు," అన్నాను.

ఫోన్ ఇచ్చింది. రివ్యూ మొత్తం మూడు వాక్యాలు. వ్యాసం అద్భుతం. భాష చక్కగా ఉంది. రోగుల ఎంపిక ప్రశంసనీయం.

"నస్రీన్, నీ పేపర్ల ఉన్నయి బాయిలు. రోగులు యాడికెళ్లి వచ్చిండ్రే?"

ఆమె ఫోన్ లాక్కుని చదువుకుంది. యాక్సెప్ట్ అన్న మాట కనబడగానే హల్వా దుకాణానికి వెళ్ళిపోయిందట, కిందికి చదవనే లేదు. అయినా పట్టు వదల్లేదు.

"ఎవురిదో రివ్యూ దీంట్లో కలిసిపోయింటాది లేక్కా. చూడు, సంపాదకుల్లో మన డీన్ సార్ పేరు కూడా ఉంది. ఆయన్ని చూసే కదా నమ్మి పంపించినా. ఈ హల్వా ఆయనకే తీస్కపోతాండా."

నిజమే. జర్నల్ వెబ్‌సైట్‌లో మా డీన్ డాక్టర్ సాలిం పేరు, ఫొటో దర్జాగా ఉన్నాయి. "సరే పా, ఇద్దరం పోదాం. ఆయన్నే అడుగుదాం," అన్నాను.

డాక్టర్ సాలిం మమ్మల్ని కూర్చోబెట్టి కహ్వా పోశారు. కహ్వా అంటే యాలకులు వేసిన ఇక్కడి కాఫీ. నస్రీన్ గిన్నె ముందుకు జరిపి, "మీ జర్నల్‌లో నా పేపరు తీసుకున్నందుకు థాంక్స్ సర్," అంది.

"నా జర్నలా? ఏది?"

ఫోన్ చూపించాం. ఆయన కళ్ళజోడు పైకి ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూశారు.

"ఫొటో నాదే. గడ్డం నల్లగా ఉన్నప్పటిది. కానీ వల్లాహి, దేవుడి మీద ఒట్టు, ఈ జర్నల్ పేరే నేను వినలేదు!" అంటూ పకపకా నవ్వారు. నేనూ ఆపుకోలేకపోయాను. నస్రీన్ మాత్రం నవ్వలేదు. కళ్ళ నిండా నీళ్ళు.

"నా పేపరు పోయినట్లేనా అక్కా?"

"ఏమన్న సంతకం పెట్టినవా?"

"లేదు. అచ్చేసేదానికి ఫీజు అడిగినారు, అది కట్టినాక కాపీరైట్ ఫారం పంపిస్తామన్నారు."

హమ్మయ్య అనుకున్నాను. ఆ ఫారం మీద సంతకం పడితే వ్యాసం వాళ్ళ సొత్తయిపోతుంది, ఇంకెవరికీ పంపడానికి ఉండదు. డీన్ అక్కడికక్కడే తన పేరు తీసేయమనీ, ఈమె వ్యాసం వెనక్కి ఇచ్చేయమనీ గట్టిగా మెయిల్ రాశారు. హల్వా గిన్నె మాత్రం నస్రీన్ వైపుకు నెట్టారు. "నిజంగా అయిన రోజున తీసుకురా. అప్పుడు తింటాను."

వారం తిరక్కుండానే వ్యాసం వెనక్కి ఇచ్చినట్టు జవాబొచ్చింది. దాని కిందే నస్రీన్‌ను తమ సంపాదకవర్గంలో చేరమని ఆహ్వానం! ఆ సాయంత్రం ఆమె మొదటిసారి నవ్వింది.

ఇక అసలు పని. నస్రీన్‌కు పెద్ద ఇంపాక్ట్ ఫాక్టర్ ఉన్న జర్నల్ కావాలి. ఒక జర్నల్‌లోని వ్యాసాలను మిగతావాళ్ళు సగటున ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పే అంకె అది. ఆ అంకె అంటే అందరికీ మోజే.

"అంకె తర్వాత. నీ పేపరు సదివి ఎవరేం జెయ్యాలె? గది చెప్పు ముందు," అన్నాను.

"ఏ నెలల్లో నీళ్ళు తోడటం తగ్గించాలో తోటలోళ్ళకు చెప్పే వ్యవసాయ అధికారులు చదవల్ల. అంతేనక్కా."

అప్పుడు దారి దొరికింది. ఎడారి ప్రాంతాల నీటి గురించి వచ్చే ఇండెక్స్‌డ్ జర్నల్స్ మూడింటిని పక్కన పెట్టుకుని పాత సంచికలు తిరగేశాం. ఒకదాంట్లో ఇంకేదో దేశపు తీరంలో బావుల మీద వ్యాసం కనబడింది. నిశ్శబ్దంగా ఉన్న లైబ్రరీలో నస్రీన్ ఒక్క కేక పెట్టింది. "ఇదో అక్కా, అచ్చం నా బాయిలే!" చదువుకుంటున్న పిల్లలంతా తలెత్తి చూశారు. సంపాదకుల్లో ఇద్దరికి, నిజంగానే ఈ జర్నల్‌లో ఉన్నారా అని మెయిల్ రాస్తే ఇద్దరూ ఉన్నామని బదులిచ్చారు. పంపేశాం.

ఫిబ్రవరిలో రివ్యూలు వచ్చాయి. నాలుగు పేజీల తిట్లు. సీసాలు ఎలా కడిగారు, ఎంత లోతు నుంచి తోడారు, ఈ పట్టికకు ఆధారమేమిటి. నస్రీన్ ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"ఒక్క మంచి మాట లేదక్కా."

"పిచ్చిదానా, గిన్ని తిట్లు తిట్టిండంటే అక్షరం అక్షరం సదివిండు. వాడెవడో మెచ్చుకున్నడు, బాయికి రోగికి తేడా తెల్వకపాయె. ఎవరు నయం?"

మళ్ళీ ఖబూరా వెళ్ళింది, మళ్ళీ సీసాలు నింపుకొచ్చింది. అడిగిన ప్రతిదానికీ జవాబు రాసింది. ఏప్రిల్ చివర్లో నిజమైన యాక్సెప్టెన్స్ వచ్చింది. మేలో కాంట్రాక్టు పొడిగించారు. కమిటీ గదిలోంచి బయటికొచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. సిగ్గెందుకు చెప్పడానికి.

ఆ వెంటనే కొత్త గిన్నెతో డీన్ గదికి వెళ్ళాం. ఆయన చెయ్యి చాపి, హల్వా దాకా వచ్చి ఆపేశారు.

"ముందు ఇది చెప్పు. ఈ జర్నల్‌కు కూడా నేనే సంపాదకుణ్ణా?"

"కాదు సర్. అక్కడ మీరెవరో ఎవరికీ తెలియదు."

"అల్‌హందులిల్లా!" అని దేవుణ్ణి తలచుకుని పెద్ద ముద్ద తీసుకున్నారు.

ఇప్పుడు ఎవరు నా టేబుల్ దగ్గరికి హల్వా తెచ్చినా ముందు రివ్యూ చూపించమంటాను. అందులో తిట్లుంటేనే నోరు తెరుస్తాను.