పోతున్నం అనని మనిషితో సలేశ్వరం

సలేశ్వరం వెళ్లాలని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆ ఉదయం మేం బయల్దేరింది దవాఖానకు. అనసూయ గద్వాలలో ఎక్కి వచ్చిన బస్సును నేను వనపర్తిలో అందుకున్నాను. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. నేను తెలుగు టీచరునై రిటైరయ్యాను, తను మగ్గం ఇంటి కోడలై ఇప్పటికీ రిటైరు కాలేదు. తన భర్త నారాయణన్నకు తలలో నరం చిట్లింది. కొడుకు శ్రీను ఉండేది నాగర్‌కర్నూల్‌లో కాబట్టి అక్కడే చేర్పించారు.

ఎనిమిదింటికి వార్డుకు చేరాం. డాక్టరు మెల్లగానే చెప్పాడు. ఇక చేయగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకుపోతే మంచిది, సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పండి, అని. శ్రీను తల్లి మొహం చూశాడు. మా వైపు ఎవరైనా గడప దాటేటప్పుడు ‘పోయొస్త’ అనాలి. ఒట్టి ‘పోత’ అంటే పెద్దవాళ్లు నోటి మీద కొట్టేవాళ్లు. పోవడానికి రెండో అర్థం ఉంది మరి. అనసూయకు డాక్టరు మాటల్లో వినపడింది ‘తీసుకుపోతే’ అన్న ఆ ఒక్క ముక్కే. “ఆ మాట నా నోటితోని రాదు,” అని బయటికి నడిచింది.

బయట రోడ్డు మీద జీపువాడు ‘సలేశ్వరం లింగమయ్య జాతర’ అని కేకలేస్తున్నాడు. చైత్ర పౌర్ణమి అప్పుడు కొద్దిరోజులు మాత్రమే లింగమయ్య ఉండే అడవిలోకి జనాన్ని వదులుతారు. అనసూయ వెళ్లి జీపులో కూర్చుంది.

“ఏడికే?” అన్నాను.

“లింగమయ్యను అడిగొస్త. నువ్వు రాకుంటే రాకు వదినా. ఆ సంచి ఇటియ్యి.”

సంచి తనదే, కానీ అందులో నా బీపీ గోలీలున్నాయి. ఎక్కక తప్పలేదు.

రానూపోనూ మనిషికి మూడు వందలన్నాడు. ముసలివాళ్లమని యాభై తగ్గించాడు. వయసు వల్ల నాకు ఈమధ్య కలిగిన లాభం అదొక్కటే. అచ్చంపేట, మన్ననూరు దాటి, ఫరహాబాద్ దగ్గర అడవిలోకి మళ్లాం. అక్కడినుంచి మట్టిబాట, ముందు బండి లేపిన దుమ్మే మా ఊపిరి.

“నడక ఎంతుంటది నాయనా?” అని డ్రైవరును అడిగాను.

“దిగుడు అల్కనే అవ్వా. ఎక్కుడే పానం తీస్తది.”

“తీస్తే మా ఇంటికి కబురు నువ్వే చెప్పాలె.”

“గట్లయితే వాపసు కిరాయి గూడ ఇప్పుడే ఇచ్చిపోండ్రి.”

నేను నవ్వాను. అనసూయ నవ్వలేదు.

పన్నెండు దాటాక బండ్లు ఆగేచోట దిగాం. చెప్పులు జీపులోనే వదిలేసింది తను. నా కాళ్లకు మాత్రం దవాఖానకని వేసుకొచ్చిన హవాయి చెప్పులు. అప్పుడే శ్రీను ఫోను చేశాడు.

“అమ్మా, నాయన పక్కనే ఉన్న. ఫోను చెవికాడ పెడుత, ఒక మాట మాట్లాడు.”

“ఇప్పుడొద్దు బిడ్డా. దర్శనమైనంక మాట్లాడుత. ఏం చెప్పాల్నో నాకే తెల్వదు.”

దారి లోయ అంచున సన్నగా, ఇద్దరు ఎదురైతే ఒకరు బండకు అతుక్కోవాల్సినంత ఇరుకుగా ఉంది. దిగేవాళ్లంతా ‘వస్తున్నం లింగమయ్యా’ అని అరుస్తారు. తిరిగి ఎక్కేవాళ్లు ‘పోతున్నం లింగమయ్యా’ అంటారు. అనసూయ గొంతు చీరుకుపోయేలా ‘వస్తున్నం’ అంటూ దిగింది. నా చెప్పు సగం దారిలోనే తెగింది. ఎండకు బండలు పెనంలా కాలుతున్నాయి. ఒకచోట అంబలి పోస్తున్న ఆమె, “తాగు పెద్దమ్మా, పడిపోతే మోసేటోళ్లు లేరు,” అని గ్లాసు చేతిలో పెట్టింది. అనసూయ ముట్టలేదు. నేను తాగాను, ఇద్దరి వంతూ.

అడుగున, ఎంతో ఎత్తునుంచి నీళ్లు ధారలా గుండంలో పడుతున్నాయి. వరుసలో చాలాసేపు నిలబడ్డాక గుహలోకి వెళ్లాం. అనసూయ రాతికి నుదురు ఆనించింది. “జరుగమ్మా, ఎనక మంది ఉన్నరు,” అని పూజారి రెండుసార్లు అన్నాక గాని కదల్లేదు.

“ఏమన్నడే?” అన్నాను బయటికొచ్చాక. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా అడిగాను.

“ఏమనలే. ఎన్నడన్నడు గనక?”

“మరి ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?”

“ఆయన చెప్పకుంటే నేను అడుగుడు బందు పెట్టాల్నా?”

ఎక్కేటప్పుడు చుట్టూ అందరూ ‘పోతున్నం’ అంటున్నారు. అనసూయ ‘వస్తున్నం’ అనే అంది. నాలుగడుగులకొకసారి కూలబడి, లేచి, మళ్లీ అదే మాట. వెనకాల ఒక పిల్ల కిసుక్కుమంది. “అవ్వా, ఉల్టా చెప్తున్నవ్. ఇది పోయే తొవ్వ.”

“నీ తొవ్వ నువ్వు చూసుకో బిడ్డా,” అన్నాను నేను. అనసూయ అరికాళ్ల నెత్తురు బండలకు అంటుతోంది. నేను ఏ మాటా అనకుండా ఎక్కాను. తను అనని మాట నా నోటినుంచి రాకూడదనిపించింది.

పైకి చేరేసరికి ఎండ వాలింది. సంచిలో ఫోను ఒకటే మోగడం మొదలుపెట్టింది, లోయలో అందని కాల్స్ మెసేజీలన్నీ వరుసగా. అన్నీ శ్రీనువే. అనసూయ తిరిగి ఫోను చేసింది. మేం గుహ ముందు వరుసలో ఉన్నప్పుడే నారాయణన్న వెళ్లిపోయాడు. కొడుకు చెప్పింది చివరిదాకా విన్నది. “ఆఁ... సరే బిడ్డా,” అంది. ఇక ఎవరూ ఎక్కడికీ తీసుకుపోతామని చెప్పే పని లేదు.

ఫోను నా చేతిలో పెట్టి లోయ వైపు తిరిగింది. తిడుతుందేమో అనుకున్నాను. నేనైతే తిట్టేదాన్ని, తప్పుల్లేకుండా. తను చేతులు జోడించి, పోయిన గొంతుతో, “పోతున్నం లింగమయ్యా,” అంది. కాసేపటికి, “మల్ల యాడాదికి గూడ వస్త,” అంది. నా వైపు చూసి, “నువ్వు మంచి చెప్పులు కొనుక్కో,” అంది.

తిరుగు దారిలో డ్రైవరు మా మొహాలు చూసి పాట ఆపేశాడు.

ఈ చైత్రంలో మళ్లీ వెళ్లొచ్చాం. నాకు నమ్మకం ఇప్పటికీ కుదరలేదు, మంచి చెప్పులు మాత్రం కుదిరాయి. అడిగినదేదీ ఇవ్వని చోటికి, అడగడానికింకేమీ మిగలని మనిషి ఎందుకు దిగుతుందో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు అర్థం కాలేదు. తను దిగుతుంటే పక్కన ఉండటం మాత్రం అలవాటైంది.

వెళ్లేవాళ్లకు ఒక్క సంగతి. లోయలో ఫోను పనిచేయదు. ఇంట్లోవాళ్లతో మాట్లాడాల్సింది ఏదైనా ఉంటే, దిగకముందే మాట్లాడండి.