టీచరమ్మ తకరారు

మా టీచరమ్మ పోయిన కబురు మా తమ్ముడు తెచ్చాడు. ఏదో పని మీద చిద్రి వెళ్లినవాడు అది వదిలేసి నేరుగా మా ఇంటికి వచ్చి, గడపలోనే నిలబడ్డాడు. "అక్కా, టీచరమ్మ పోయిందక్కా. తెల్లారి లేపబోతే లేవలేదట" అన్నాడు. పొయ్యి ఆర్పి, చీర మార్చుకుని వాడి వెంట బయలుదేరాను.

మా ఊరు బగ్దల్ ప్రైమరీ బడిలో ఆమె దగ్గర చదువుకున్న మాకందరికీ ఆమె ఒట్టి టీచరమ్మే. ఔరాద్ వైపు తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టి, పెళ్లై బీదర్ పక్కనున్న చిద్రికి వచ్చింది. మాకు కన్నడం నేర్పేది. అప్పటికి మా బీదర్ జిల్లా ఉన్నది ఇంకా మైసూరు రాష్ట్రం పేరుతోనే. సర్కారు కచేరీల్లో ఉర్దూ పోయి కన్నడం వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, బడిలో కన్నడం. మా నోట్లో మూడూ కలిసిపోయేవి.

తప్పు రాస్తే ఆమె కొట్టేది కాదు. "ఇది ఇంటి మాటా, బడి మాటా బిడ్డా?" అని అడిగేది. కన్నడంలో ఊట అంటే భోజనం. ఒకసారి ఊరికి వచ్చిన అధికారి మర్యాదకు "ఊట ఆయితా?" అని అడిగితే, మా చిన్నాయన "బావిల ఊట మంచిగనే ఉన్నది సార్" అన్నాడట. ఆ కథ చెప్పి మమ్మల్ని నవ్వించి, తను మాత్రం నవ్వకుండా, "మాట ఒకటే ఉంటది, ఇల్లు మారితే అర్థం మారుతది. అడిగి తెలుసుకోవాలె" అనేది.

నేను ఆ బడి దాటి బీదర్‌లో హైస్కూలుకు పోతున్న రోజుల సంగతి ఇది. మా ఊరికి పొద్దున ఒకటే బస్సు. బీదర్ నుంచి టీచరమ్మను తెచ్చి దింపి, మమ్మల్ని ముగ్గురు ఆడపిల్లలను ఎక్కించుకుని తిరిగి పోయేది. ఆమె దిగుతుంటే మేం ఎక్కేవాళ్లం. బస్సు సేటు ఆ బస్సును పదింటికి మార్చాలనుకున్నాడు. బస్సు ఆయనదే అయినా వేళ మార్చడం ఆయన చేతిలో లేదు. రవాణా అధికారులు ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు జనం మాట వినాలి. అది చట్టమని మాకెవరికీ తెలియదు.

చావడి గోడకు కన్నడంలో నోటీసు అంటించారు. మా నాన్న కూడబలుక్కుని చదివి వచ్చి, "తకరారు ఉన్నోళ్లు బీదర్ కచేరీకి రావాలెనట" అన్నాడు.

"మనకేం తకరారు? మా చెల్లె లగ్గానికి పైస తీసుకోక ఊకనే బస్సు పెట్టిండు సేటు. గసొంటి మనిషితోని కొట్లాటకు పోతమా?" అంది అమ్మ.

"పోము. బస్సు పదింటికైతే బీదర్ల బడి వేళ దాటుతది, పిల్ల బడి మానుతది. చదివింది చాలు" అన్నాడు నాన్న.

మర్నాడు బస్సు దగ్గర ఏడుస్తూ టీచరమ్మకు చెప్పాను. సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. అమ్మ ఇచ్చిన చాయ్ పక్కన పెట్టి, "అమ్మా, ఇంట్ల తకరారంటే కొట్లాట. కచేరీల తకరారంటే, ఇది మాకు నష్టమయ్యా అని చెప్పుకునుడు. గంతే. మనం చెప్పకుంటే ఒప్పుకున్నరని రాసుకుంటరు. కొత్తల నేను గూడ గట్లనే అనుకొని ఊకున్న" అంది.

నాన్న సరేనన్నాడు. విచారణ రోజున అమ్మనూ నన్నూ ఆమే బీదర్ కచేరీకి తీసుకుపోయింది. పిలుపు వచ్చేదాకా అమ్మ టీచరమ్మ నేర్పిన మాటలే గొణుక్కుంటూ కూర్చుంది. తీరా లోపలికి వెళ్తే ఎదురుగా సేటు. "బాగున్నవా చెల్లె?" అని పలకరించాడు.

అధికారి మైసూరు వైపు మనిషి. "నిమ్మ తకరారు ఏను?" అని, మీ తకరారు ఏమిటని కన్నడంలో అడిగాడు.

అమ్మ సేటును చూసింది. కొంగు సర్దుకుంది. "సేటుతోని మాకు తకరారేం లేదు సార్" అంది.

గుమాస్తా తల దించి "తకరారు ఇల్ల", లేదు అని రాయబోయాడు. నా చదువు ఆ కలం మొన మీద ఉంది.

టీచరమ్మ లేచింది. "సార్, రాయకండి. ఆమె కొట్లాట లేదంటున్నది. అభ్యంతరం లేదంటలేదు" అని అదే మాట కన్నడంలోనూ చెప్పింది. అధికారికి అర్థం కాక సేటు వైపు చూశాడు. సేటు నవ్వాపుకోలేకపోయాడు. "నిజమే సాబ్. మా దిక్కు తకరార్ అంటే లడాయి" అని ఒప్పుకుని, ఆమె వైపు తిరిగాడు. "గని టీచరమ్మా, పదింటి బస్సైతే నీకే ఆరాం గద?"

"నాకు ఆరామే సేట్ సాబ్. నా కోసం రాలే."

అధికారి అమ్మను మళ్లీ అడిగాడు. ఈసారి అమ్మ నేర్చుకున్నదంతా మరిచిపోయింది. "బస్సు పదింటికైతే నా బిడ్డ బడి బందైతది సార్. సేటు మంచోడే. బస్సు మాత్రం పొద్దుగాలనే రావాలె" అంది. గుమాస్తా అది రాశాడు. పొద్దుటి బస్సు వేళ మార్చకూడదని అధికారి అక్కడే చెప్పాడు. బయటికి వచ్చాక సేటే మాకు చాయ్ తాగించాడు. "మీ తకరార్ గిట్ల ఉంటే, లడాయి ఇంకెట్ల ఉంటదమ్మా?" అని మా అమ్మను చాలా రోజులు ఆటపట్టించాడు.

నేను పదో తరగతి పూర్తి చేశాను. పెద్ద ఉద్యోగమేమీ చేయలేదు. ఇల్లు నడుపుకుంటున్నాను. కానీ కరెంటు బిల్లు వస్తే వెనక వైపు కూడా చదువుతాను. తెలియని మాట ఉంటే ఆఫీసుకు వెళ్లి అడుగుతాను. అడగడానికి జంకకపోవడం ఆమె నాకిచ్చిన చదువు.

ఆ రోజు "నీకే ఆరాం" అని సేటు ఆమెతో అన్న మాట నాకు అర్థం కావడానికి ఒక చలికాలం పట్టింది. మా ఊరి బడి తెరిచేది పదిన్నరకు. ఆమె దిగేది అంతకు ఎంతో ముందు. ఒక పొద్దున బస్సు మలుపు తిరుగుతుంటే వెనక అద్దంలోంచి చూశాను. మంచులో తాళం వేసిన బడి. మెట్టు మీద టీచరమ్మ, చెవుల మీదుగా కొంగు బిగించి, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, మా బస్సు వైపే చూస్తూ కూర్చుని ఉంది.